జగన్నాథపురం కాలువ గట్టున ఇంజను షెడ్డు: మా లాంచీ మరమ్మతుపై ఒక సమీక్ష

కాకినాడ లంగరు రేవులో ఆగి ఉన్న ఓడలకు మనుషులనూ సామగ్రినీ చేరవేసే లాంచీ ఒకటి నాకు ఉంది. నలభై అడుగుల ఫైబరు లాంచీ. దానికి ఆరు సిలిండర్లు, 120 గుర్రపు శక్తి గల డీజిల్ ఇంజను. ఈ రేవులో కొన్ని ఓడలు గట్టుకు రాకుండా సముద్రంలోనే లంగరు వేసి నిలుస్తాయి. బియ్యం బస్తాలు బార్జీల మీద వాటి దగ్గరకు వెళ్తే, ఏజెంట్లు, కూలీలు, కూరగాయల బుట్టలు మాలాంటి వారి లాంచీలలో వెళ్తారు. ఓడ మీద ఎదురు చూసేవాడికి మన ఇంజను కష్టాలతో పని లేదు గనుక, నడిదారిలో ఇంజను వేడెక్కి ఆగితే ఆ ట్రిప్పు కూలితో పాటు తరువాతి పిలుపు కూడా పోతుంది.

గత సంవత్సరం మే నెలలో మా లాంచీకి ఇటువంటి జబ్బే పట్టుకుంది. కాలువలో నెమ్మదిగా వెళ్తున్నంతసేపు ఉష్ణోగ్రత ముల్లు 78 డిగ్రీల దగ్గర కదలకుండా ఉండేది. కాలువ నోరు దాటి, ఇంజనును నిమిషానికి 1,700 చుట్లకు పైగా తిప్పితే, పది నిమిషాలలో ముల్లు 95 దాటి హెచ్చరిక గంట మోగేది. వెనుక నుంచి నీరూ పొగా కలిసి వచ్చేటప్పుడు వినిపించే బుడబుడ చప్పుడు పోయి, పొడి దగ్గు దగ్గినట్లు బొంగురు శబ్దం వచ్చేది. తెల్లటి ఆవిరి వచ్చేది, దానిలో కలిసి కొంచెం నల్ల పొగ కూడా వచ్చేది. ఒకప్పుడు 2,400 చుట్లు అలవోకగా తిరిగిన ఇంజను 2,150 దగ్గరే ఆయాసపడేది. ఈ జబ్బును పట్టుకుని నయం చేసిన షెడ్డు గురించే ఈ సమీక్ష. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. పోయిన ఆ ఒక్క మార్కు చిన్నదేమీ కాదు.

షెడ్డు వారి పనితనం అర్థం కావాలంటే ఇటువంటి ఇంజను ఎలా చల్లబడుతుందో కొంత తెలియాలి. లారీ ఇంజనుకు రేడియేటరూ గాలీ చేసే పనిని లాంచీలో సముద్రపు నీరు చేస్తుంది. ఇంజను లోపల తిరిగే చల్లార్చే ద్రవం, అంటే కూలెంటు, ఒక వలయంలో తన మానాన తాను తిరుగుతూ ఉంటుంది. సముద్రపు నీరు మాత్రం లాంచీ అడుగున ఉన్న వాల్వు గుండా లోపలికి వచ్చి, స్ట్రెయినర్ జల్లెడ దాటి, రబ్బరు రెక్కల పంపు లాగగా, గేరుబాక్సు ఆయిల్ కూలరులోనూ ఆ తరువాత హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోని సన్నని గొట్టాలలోనూ ప్రవహించి, కూలెంటు వేడిని తీసుకుని, చివరకు ఎగ్జాస్ట్ ఎల్బో అనే వంపు గొట్టంలో ఇంజను పొగతో కలిసి బయటకు పోతుంది. బరువు మీద నడిచే డీజిల్ ఇంజను పొగ ఎల్బోకు చేరేటప్పటికి 400 డిగ్రీల వేడి కూడా ఉండవచ్చు. దానిలో నీరు చిమ్మడం వల్లనే ఆ తరువాతి దారికి రబ్బరు గొట్టం, ఫైబరు సైలెన్సర్ సరిపోతున్నాయి. అంటే ఒకే నీరు ముందు ఇంజనునూ, పోతూపోతూ పొగనూ చల్లార్చుతుంది. అందువల్ల ఈ తడి ఎగ్జాస్ట్ ఉన్న ఇంజనులో నీటి జబ్బునూ పొగ జబ్బునూ వేరు చేసి చూడటం కుదరదు. మన వైపు చేపల వేట బోట్లలో చాలా వాటికి పొగగొట్టం పొడిగా, నిటారుగా కేబిన్ పైకి పోతుంది గనుక, ఆ బోట్ల మీద చేయి తిరిగిన మెకానిక్కులకు కూడా ఈ ఏర్పాటు అంతగా అలవాటు ఉండదు.

మొదట నేను వెళ్ళిన వర్క్‌షాపులో జరిగింది అదే. ఆ వర్క్‌షాపు పేరు ఇక్కడ అనవసరం. వారు నీటి పంపు మూత విప్పి, రెక్కలు తెగిన ఇంపెల్లర్ (పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం) తీసి కొత్తది వేశారు, కూలెంటు వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మార్చారు, కూలెంటు మార్చి 11,000 రూపాయలు తీసుకున్నారు. మరునాటి ట్రిప్పులో ముల్లు మళ్ళీ 95కు వచ్చింది. ఫోన్ చేస్తే, సిలిండర్ల పై మూత అయిన హెడ్ కింద బిగించే పొర, అంటే హెడ్ గ్యాస్‌కెట్, పోయి ఉంటుందనీ, హెడ్ దింపాలనీ, ఎలాగూ దింపుతున్నాం గనుక హీట్ ఎక్స్‌ఛేంజర్‌ను కూడా యాసిడ్‌తో కడిగిస్తే మంచిదనీ చెప్పారు. హెడ్ గ్యాస్‌కెట్ అని ఎలా తేల్చారని అడిగితే, అనుభవం అన్నారు. అనుభవాన్ని నేను తక్కువ చేయను గాని, కూలెంటు ట్యాంకులో బుడగలు వస్తున్నాయా, కూలెంటు తరుగుతోందా అనైనా చూడకుండా హెడ్ దింపే అనుభవం నాకు ఖరీదైనదిగా తోచింది.

ఆ తరువాత నేను వెళ్ళిన షెడ్డుకు బోర్డు లేదు. జగన్నాథపురం వైపు కాలువ గట్టు మీద పెద్ద మేస్త్రీ గారి షెడ్డు ఎక్కడ అని అడిగితే పడవలవాళ్ళు చూపిస్తారు. నేను వెళ్ళిన సమయం మంచిది కాదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. మరబోట్లన్నీ ఆ రెండు నెలలలోనే గట్టున కట్టి ఇంజను పనులు చేయించుకుంటాయి. మాది వేట బోటు కాదు గనుక మాకు సెలవు లేదు, వారికి మాత్రం తీరిక లేదు. ఆరు రోజులు ఆగవలసి వచ్చింది.

ఏడవ రోజు ఉదయం మేస్త్రీ గారు లాంచీలోకి దిగి పానా పట్టుకోకుండా పావుగంట సేపు ప్రశ్నలు వేశారు. వేడి ఒక్కసారిగా మొదలైందా, నెలల తరబడి పెరిగిందా? పూర్తి బరువు మీద ఇదివరకు ఎన్ని చుట్లు తిరిగేది? ఆవిరి వెంటనే గాలిలో కరిగిపోతోందా, నీటి మీద పరచుకుని డీజిల్ వాసన వేస్తోందా? ఈ ఆఖరి ప్రశ్న ఎందుకో నేను అడిగి తెలుసుకున్నాను. చూడగానే కరిగిపోయే తెలుపు నీటి ఆవిరి, అది నీటి కొరతకు గుర్తు. కరగకుండా వేలాడుతూ వాసన వేసే తెలుపు మండని డీజిల్, అది ఇంజెక్టర్ల వైపు చూపుతుంది. మాది కరిగే రకం. ఆ తరువాత వేసిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

"పాత ఇంపెల్లర్ ఏదండీ బాబుగారూ? రెక్కలు ఎన్ని తెగాయి? తెగిన ముక్కలు దొరికాయా?"

పాత వర్క్‌షాపుకు ఫోన్ చేస్తే, దాన్ని పారేశామనీ, రెండు రెక్కలు లేనట్లు గుర్తు అనీ ఒక కుర్రవాడు చెప్పాడు. మేస్త్రీ గారు తల ఊపి, ఆ రెండు ముక్కలు ఇంకా మన లాంచీలోనే ఉన్నాయన్నారు.

మొదటి పరీక్షకు వాడిన పరికరం ఇరవై లీటర్ల బకెట్టు. లాంచీ వెనుక ఎగ్జాస్ట్ నోటికి ఒక వదులైన గొట్టపు ముక్క తొడిగి, పక్కనే చిన్న తెప్పలో నిలబడిన కుర్రవాడి బకెట్టులోకి నీటిని మళ్ళించి, ఫోన్‌లోని గడియారంతో కాలం కొలిచారు. ఇంజను 700 చుట్ల మీద ఉండగా బకెట్టు 34 సెకన్లలో నిండింది. ఆ ఇంజనుకు అది సరైన లెక్కే అన్నారు. రబ్బరు రెక్కల పంపు చుట్టుకు ఇంత అని నీటిని తోస్తుంది గనుక, చుట్లు రెట్టింపయితే నీరు కూడా దాదాపు రెట్టింపు కావాలి. 1,400 చుట్ల మీద బకెట్టు 17 సెకన్లలో నిండాలి. మాకు 27 సెకన్లు పట్టింది. ఇంజను నెమ్మదిగా ఉన్నప్పుడు కనిపించని లోపం వేగం పెంచగానే ఎందుకు బయటపడుతోందో ఈ ఒక్క కొలతతో తేలిపోయింది. లాంచీని గట్టున కట్టి, వెనుక నుంచి నీరు వస్తోంది కదా అని తృప్తిపడే మా అలవాటు ఎంత గుడ్డిదో నాకు అప్పుడు తెలిసింది. నీరు వస్తూనే ఉంది, చాలినంత రావడం లేదు.

నీరు పంపు ముందు ఆగుతోందా, పంపు తరువాత ఆగుతోందా అన్నది తరువాతి ప్రశ్న. పోటు తగ్గిన సమయం చూసి ఒక కుర్రవాణ్ణి నీటిలోకి దింపి అడుగు వాల్వు జల్లెడను తడిమించారు. గుల్లలు కొన్ని పట్టి ఉన్నాయి, గీకేశారు, కాని దారి మూసుకుపోయేంత కాదు. స్ట్రెయినర్‌లో కాలువ బురదా, బిస్కెట్ కవరు ముక్కా ఉన్నాయి, అవీ తీసేశారు. బకెట్టుకు 26 సెకన్లు పట్టింది, అంటే పెద్దగా మార్పు లేదు. అప్పుడు చేసిన పని నాకు బాగా నచ్చింది. అడుగు వాల్వు మూసి, స్ట్రెయినర్ మూత తెరిచి, పక్కన పెట్టిన రెండు పెద్ద పీపాల నుంచి దానిలోకి ధారగా నీరు పోస్తూ ఇంజనును మళ్ళీ 1,400 చుట్ల మీద నడిపారు. పంపుకు ఇప్పుడు అడుగు నుంచి నీరు లాక్కోవలసిన శ్రమ లేదు. బకెట్టు 20 సెకన్లలో నిండింది. ఒక్క బోల్టూ విప్పకుండా రెండు సంగతులు తెలిశాయి. 26 సెకన్ల నుంచి 20కి దిగింది గనుక అడుగు వాల్వుకూ స్ట్రెయినర్‌కూ మధ్య ఒక లోపం ఉంది. 20 నుంచి 17కు దిగలేదు గనుక పంపు తరువాత ఇంకొకటి ఉంది.

మొదటిది రబ్బరు గొట్టం. పైకి చూస్తే కొత్తదానిలా ఉంది. చేతితో నొక్కితే గట్టిగానే ఉంది. దానిని తీసి నిలువునా కోసి చూపించారు. లోపలి రబ్బరు పొర ఒక చోట ఊడి నాలుకలా వేలాడుతోంది. నీరు మెల్లగా పోయేటప్పుడు ఆ నాలుక గోడకు ఆనుకుని ఉంటుంది; పంపు గట్టిగా లాగినప్పుడు లేచి దారికి అడ్డం పడుతుంది. ఇటువంటి గొట్టాన్ని బయటి నుంచి ఎంతసేపు చూసినా దొరకదు. దాని స్థానంలో లోపల ఇనుప తీగ చుట్టు ఉన్న, పీల్పుకు ముడుచుకుపోని గొట్టం వేశారు, రెండు చివరలా రెండేసి క్లిప్పులు బిగించారు. స్ట్రెయినర్ మూత కింద రబ్బరు రింగు కూడా ఎండి పగిలి ఉంది. దాని గుండా పంపు నీటితో పాటు గాలి కూడా లాగుతుందని అదీ మార్చారు.

రెండవది మేస్త్రీ గారు ముందే చెప్పినట్లు పాత ఇంపెల్లర్ ముక్కలు. గేరుబాక్సు ఆయిల్ కూలరు ముఖద్వారం విప్పగానే నల్లటి రబ్బరు రెక్క ఒకటి అడ్డంగా ఇరుక్కుని ఉంది. రెండవది కనిపించలేదు. అక్కడ చాలామంది మూత బిగించేస్తారు. వీరు హీట్ ఎక్స్‌ఛేంజర్ చివరి మూత కూడా తీశారు. రెండవ రెక్క రెండు ముక్కలై గొట్టాల నోళ్ళ మీద పరచుకుని ఉంది, దానితో పాటు విరిగిన జింకు కడ్డీ ముక్క కూడా ఉంది. ఇతర లోహాలను ఉప్పునీరు తినకుండా తాను కరగడానికి పెట్టే కడ్డీ అది. కాలం తీరాక మార్చకపోతే మొదలు దగ్గర సన్నబడి విరిగి, తాను కాపాడవలసిన గొట్టాలకే అడ్డం పడుతుంది. ముక్కలన్నింటినీ ఒక పాత గుడ్డ మీద పేర్చి, రెండు రెక్కలూ పూర్తిగా సరిపోయాయని నాకు చూపించిన తరువాతే మూతలు బిగించారు. పంపును కూడా మరొకసారి విప్పి చూశారు. రెక్కలు రాసుకునే మూత పలక లోపలి వైపు గోరు తగిలేంత లోతుగా గాడి పడి ఉంది. దానిని తిరగేసి నున్నటి వైపు లోపలికి వచ్చేలా బిగించారు. పది నిమిషాల పని, ఖర్చు లేదు. మొదటి వర్క్‌షాపు వారు కొత్త ఇంపెల్లర్ వేసేటప్పుడు ఇది చూడకపోవడం ఎలాగో నాకు అర్థం కాలేదు. బకెట్టు 17 సెకన్లకు వచ్చింది.

నేనైతే అంతటితో సంతోషించి డబ్బు చెల్లించి ఉండేవాణ్ణి. మేస్త్రీ గారు, నీటి సంగతి తేలింది, నల్ల పొగ సంగతి తేలలేదు అన్నారు.

దానికి ముందు హీట్ ఎక్స్‌ఛేంజర్ గురించి ఒక మాట. దానిని యాసిడ్‌తో కడిగించాలని మొదటి వర్క్‌షాపు వారు చెప్పారు గదా. అది అవసరమో కాదో తేల్చడానికి వీరు వేడిని చూపే పిస్తోలు లాంటి థర్మామీటరు వాడారు. లాంచీని జెట్టీకి నాలుగు మోకులతో కట్టి, గేరు వేసి, 1,800 చుట్ల మీద నడిపి, సముద్రపు నీరు లోపలికి వచ్చే చోటా, హీట్ ఎక్స్‌ఛేంజర్ దాటే చోటా వేడి చూశారు. మరమ్మతుకు ముందు లోపలికి వచ్చే నీరు 30 డిగ్రీలు, దాటే నీరు 54 డిగ్రీలు ఉండేది. మరమ్మతు తరువాత దాటే నీరు 42కు దిగింది. దీనిలోని తర్కం తెలుసుకోదగినది. గొట్టాల లోపల సున్నపు పొర పేరుకుంటే కూలెంటు వేడి నీటిలోకి దిగదు. అప్పుడు కూలెంటు కాగుతూ ఉంటుంది గాని సముద్రపు నీరు పెద్దగా వేడెక్కకుండానే పోతుంది. మా దానిలో నీరు బాగా వేడెక్కింది, అంటే వేడి దిగుతోంది, దిగిన వేడిని మోయడానికి నీరు చాలడం లేదు. కనుక యాసిడ్ అక్కరలేదు. ఈ ఒక్క నిర్ణయం వల్ల నాకు మిగిలిన డబ్బు ఈ షెడ్డు తీసుకున్న కూలి కంటే ఎక్కువ. ఆ థర్మామీటరు మెరిసే లోహం మీద తప్పు చెబుతుందని, కొలిచే ప్రతి చోటా ముందు నల్ల టేపు ముక్క అంటించారు. పరికరం కొన్నవారందరికీ తెలిసే విషయం కాదిది.

ఇక నల్ల పొగ. ఇంజను పొగ బయటకు పోయే దారి ఇరుకైతే సిలిండరు పూర్తిగా ఖాళీ కాదు, కొత్త గాలికి చోటు తగ్గుతుంది, డీజిల్ సగం మండి నల్లగా వస్తుంది, ఇంజను చుట్లు అందుకోదు. ఈ ఎదురు ఒత్తిడిని కొలవడానికి వారు చేసిన ఏర్పాటు చూస్తే బడిలో చదివిన భౌతికశాస్త్రం గుర్తుకు వచ్చింది. ఎల్బోలో నీరు కలిసే చోటుకు ముందు ఉన్న మర విప్పి, అక్కడ ఒక బారెడు రాగి గొట్టం బిగించారు. ప్లాస్టిక్ నేరుగా బిగిస్తే కరిగిపోతుంది. రాగి గొట్టం చివర పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం తొడిగి, దానిని యూ ఆకారంలో వంచి, ఒక్కొక్క కాలు ఐదడుగులు వచ్చేలా చెక్క పలకకు కట్టి, రంగు నీళ్ళు పోసి, పక్కన టేపు కొలబద్ద అంటించారు. ఇంజను ఆగి ఉన్నప్పుడు రెండు కాళ్ళలోనూ నీరు సమానం. నడుస్తున్నప్పుడు పొగ ఒత్తిడికి ఒక కాలిలో నీరు దిగి, రెండవ కాలిలో ఎక్కుతుంది. మా ఇంజను పుస్తకంలో ఇచ్చిన హద్దు 10 కిలోపాస్కల్. అది సుమారు ఒక మీటరు నీటి మట్టం తేడాకు సమానం. 2,000 చుట్ల దగ్గరే తేడా 120 సెంటీమీటర్లు వచ్చింది. పూర్తి వేగానికి ఇచ్చిన హద్దును అంతకంటే తక్కువ వేగంలోనే దాటేసింది.

ఎల్బో దింపారు. మూడంగుళాల దారిలో రెండు వేళ్ళు కష్టం మీద పట్టాయి. మిగిలిన చోటంతా మసీ ఉప్పూ కలిసి ఇటుకలా గట్టిపడి ఉన్నాయి. నీరు తగ్గిన కొద్దీ ఎల్బో లోపలి గోడ వేడెక్కుతుంది. వేడి గోడ మీద ఉప్పునీరు పడి ఆవిరై ఉప్పును వదిలిపోతుంది. ఆ ఉప్పుకు మసి పట్టుకుంటుంది. దారి ఇరుకై ఇంజను ఇంకా వేడెక్కుతుంది. మా లాంచీలో నెలల తరబడి జరిగింది అదే. అంటే గొట్టంలోని ఆ రబ్బరు నాలుకే రెండు జబ్బులకూ మూలమని నా నమ్మకం; మేస్త్రీ గారు మాత్రం ఎల్బో ఎలాగూ వయసు మీరిందే అన్నారు. సుత్తితో తట్టి మసి రాల్చి పాతదే బిగిస్తారేమో అనుకున్నాను. ఆయన టార్చి లోపల పెట్టి, నీరు చిమ్మే గదికీ పొగ దారికీ మధ్య గోడ తుప్పుతో కాగితంలా పలచబడిన చోటు చూపించారు. అక్కడ చిల్లు పడితే ఇంజను ఆపిన తరువాత ఉప్పునీరు సిలిండర్ల పొగ వచ్చి కలిసే మానిఫోల్డులోకి, అక్కడి నుంచి సిలిండరులోకి దిగుతుంది. నీరు గాలిలా నొక్కుకుపోదు గనుక, మళ్ళీ స్టార్టు చేసేటప్పుడు పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అప్పుడు ఇంజనంతా విప్పాల్సిందే.

కంపెనీ ఎల్బో తెప్పించడానికి నెల పడుతుందన్నారు. కొలతలు తీసి, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో ఇక్కడే చేయించారు. బిగించిన తరువాత అదే 2,000 చుట్ల మీద నీటి మట్టం తేడా 45 సెంటీమీటర్లకు దిగింది. సముద్రంలోకి తీసుకువెళ్తే ఇంజను 2,380 చుట్లు అందుకుంది, ముల్లు 80 దాటలేదు, వెనుక బుడబుడ చప్పుడు తిరిగి వచ్చింది. లాంచీ నడిపే మా సరంగు ఆ చప్పుడు విని నవ్వాడు.

ఇప్పుడు పోయిన మార్కు గురించి. ఆ స్టెయిన్‌లెస్ ఎల్బో అతుకు దగ్గర, ఇరవై గంటలు నడిచాక, సూది మొనంత చిల్లు పడింది. ఇంజను గదిలో పొగ వాసన రావడంతో తెలిసింది. పొగ అంటే కళ్ళు మండటమే కాదు, దానిలోని కార్బన్ మోనాక్సైడ్ మూసిన గదిలో మనిషిని పడగొడుతుంది. పిలిస్తే మరునాడే వచ్చి, విప్పి తీసుకుపోయి, డబ్బు అడగకుండా మళ్ళీ వెల్డింగు చేసి, ఈసారి రెండు చివరలూ మూసి నీటి ఒత్తిడితో పరీక్షించి తెచ్చారు. బిగించే ముందే ఆ పరీక్ష చేసి ఉండవలసింది. ప్రతిదీ కొలిచే మనుషులు తాము చేయించిన వస్తువును కొలవకపోవడం నాకు వింతగా తోచింది. పైగా ఆ ఎల్బో జీవితాంతం వస్తుందని వారు అంటున్నారు. నేను నమ్మను. వేడీ ఉప్పూ కలిసిన చోట, అందులోనూ అతుకుల దగ్గర, స్టెయిన్‌లెస్ కూడా గుంతలు పడి తినుకుపోతుంది. ఏటా ఒకసారి విప్పి చూడాలని నా పుస్తకంలో రాసుకున్నాను.

అంతకంటే పెద్ద తప్పు మొదటి రోజు జరిగింది. డీజిల్ ఫిల్టరు మార్చిన తరువాత లైనులో గాలి ఉండి ఇంజను వెంటనే అందుకోలేదు. షెడ్డు కుర్రవాడు అడుగు వాల్వు తెరిచి ఉంచే అయిదారుసార్లు సెల్ఫు కొట్టాడు. ఇంజను సెల్ఫు మీద తిరిగినప్పుడల్లా నీటి పంపు కూడా తిరుగుతుంది. కాని నీటిని బయటకు నెట్టేంత పొగ ఒత్తిడి ఉండదు. ఆ నీరంతా సైలెన్సర్‌లో చేరి, నిండితే వెనక్కు ఇంజనులోకి వస్తుంది. నేను అరిస్తే ఆపాడు. సైలెన్సర్ అడుగు మర విప్పితే దాదాపు నిండుగా నీరు వచ్చింది. మేస్త్రీ గారు ఆ సమయంలో మరో బోటు మీద ఉన్నారు. వచ్చి కుర్రవాణ్ణి మందలించారు, నాకు క్షమాపణ చెప్పారు. వేట నిషేధపు రోజుల రద్దీలో ఒక మేస్త్రీ నాలుగు బోట్ల మధ్య తిరిగితే ఇలాగే ఉంటుంది. ఇంజను అందుకోనప్పుడు వాల్వు మూసి సెల్ఫు కొట్టాలి, అందుకున్న క్షణంలో తెరవాలి. ఈ ఒక్కటి మీ మనిషి చేతనే చేయించండి, షెడ్డు మనిషికి వదలకండి.

రెండు రోజులన్న పని అయిదు రోజులు పట్టింది. బిల్లు ఒక చీటీ మీద మొత్తం ఒక్కటే అంకె వేసి ఇచ్చారు. గట్టిగా అడిగితే విడివిడిగా రాసి ఇచ్చారు. కూలి 14,500, గొట్టమూ క్లిప్పులూ రింగులూ జింకు కడ్డీలూ కలిపి 6,200, ఎల్బో 18,000 రూపాయలు. ఎల్బో ధర నాకు కొంచెం ఎక్కువ అనిపించింది, కూలి మాత్రం చాలా తక్కువ. కొలతలన్నీ మేస్త్రీ గారు ఒక సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసుకున్నారు. వాటిని నేను ఫోటో తీసుకోకపోతే ఈ సమీక్షలో అంకెలు ఉండేవి కావు. తీసిన పాత కూలెంటును కాలువలో పారబోయబోతే నేను డబ్బా తెచ్చి పట్టించాను.

తడి ఎగ్జాస్ట్ ఉన్న లాంచీలవారు, ముఖ్యంగా వేడెక్కే కారణం తెలియక ఒక్కొక్క భాగమూ మార్చుకుంటూ పోతున్నవారు ఇక్కడికి రావచ్చు. జూన్ 15 తరువాత వస్తే మేస్త్రీ గారు స్వయంగా దొరుకుతారు. పాత భాగాలేవీ పారేయకుండా వెంట తేవాలి, మొదటి ప్రశ్న వాటి గురించే ఉంటుంది. కేవలం సర్వీసు, ఆయిల్ మార్పిడి అయితే ఇంత దూరం అక్కరలేదు.

ఎగ్జాస్ట్ గొట్టం వేడెక్కగానే, కూలెంటు ముల్లు కదలక ముందే, మోగే గంట ఒకటి బిగిస్తామన్నారు. దానికి 3,000 రూపాయలు అడ్వాన్సు ఇచ్చాను. మూడు నెలలయింది, రెండుసార్లు గుర్తు చేశాను. పరికరం ఇంకా రాలేదు.